చాలని పట్టీ

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు భూమి లెక్కలు రాసే పట్వారీ. తాత కూడా పట్వారీయే. ఆయన రాసిన పహాణీ లెక్కల్లో కొట్టివేత ఉండేది కాదు, అంచున అదనపు మాట ఉండేది కాదు. ఆయన వస్తుంటే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. నాన్న నాటికి భూములు పోయాయి, ఇల్లు పోయింది, తాత తమలపాకుల పాన్‌దాన్ కూడా పోయింది. అందులోని వెండి సున్నం డబ్బీ ఒక్కటి నాకు మిగిలింది. తార్నాకలో ముగ్గురం ఉండే గదిలో అది నా పెట్టె అడుగున ఉండేది. ఉన్నవన్నీ పోయినందుకు నేనెప్పుడూ తల దించుకోలేదు.

యూనివర్సిటీలో ప్రజారోగ్యం పీజీ చదువుతున్నప్పుడు మాకు తలా నలుగురు డిగ్రీ విద్యార్థులను అప్పగించారు. వాళ్లకు బీపీ చూడటం నేర్పి, క్యాంపస్ పక్కనున్న మాణికేశ్వర్ నగర్‌లో ఇంటింటికీ పంపాలి. నేను బీపీ కంటే ముందు రాయడం నేర్పాను.

"గడుల్లో అంకెలు తప్ప ఏమీ ఉండొద్దు. అంచున గీత గీసినా కాగితం వాపస్."

"అన్నా, పరీక్ష బీపీకా, దస్తూరీకా?" అంది ఒకమ్మాయి. ఆమెది ఆ బస్తీయే. అందరూ నవ్వారు, నేను తప్ప.

రెండు వారాల తర్వాత ప్రోగ్రాం చూసే మేడం పిలిచారు. ఆ అమ్మాయి కాగితాలు బల్ల మీద ఉన్నాయి. చూసిన ఆడవాళ్లలో ఎక్కువమందికి బీపీ ఎక్కువే.

"ఇంతమందికి బీపీ ఉంటుందా? ఇవి ఇంట్లో కూర్చుని రాసుకొచ్చినవయ్యా. ఆ పిల్లని ప్రోగ్రాం నుంచి తీసేద్దాం. ఇక్కడ సంతకం పెట్టు."

"ఆమెను అడగకుండా పెట్టను, మేడం."

"సంతకానికి ఇంత బెట్టా?"

"మా ఇంట్లో చూడకుండా సంతకం పెట్టినవాళ్లు లేరండీ."

క్యాంటీన్ దగ్గర అడిగితే, అమ్మాయి సంచీలోంచి తన సొంత నోటుబుక్కు తీసింది. ప్రతి రెండో పేరు పక్కనా ఒకటే మాట: చెయ్యి లావు, పట్టీ చాలలే. సిమెంటు తట్టలు మోసే చేతులు, దుప్పట్లు పిండే చేతులు. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అది నేను చదివిందే. అయినా అందరికీ ఒకే కొలత పట్టీ ఇచ్చి పంపాను.

"ఇది కాగితం మీద ఎందుకు రాయలేదు?"

"అంకెలే రాయాలంటిరి గదా. రాస్తే వాపస్ అంటిరి." నోటుబుక్కు మూసింది. "నన్ను తీసేస్తరా అన్నా? బస్తీల అందరికీ చెప్పుకున్న, యూనివర్సిటీ తరఫున వస్తున్నా అని."

సంతకం లేని కాగితాన్ని మర్నాడు మేడం బల్ల మీద పెట్టాను. "తప్పు నాది. ఆమె గమనించింది, నేనే రాయనివ్వలేదు. పెద్ద పట్టీ ఇప్పించండి, మళ్లీ చూస్తాం."

"స్టోర్‌లో లేదు. ఇప్పుడు అడిగితే వచ్చే సెమిస్టర్‌కి వస్తుంది. నాకు సోమవారానికి కావాలి. లేదంటే ఆ సంతకం నేనే పెడతా."

"సోమవారానికి తెస్తాం."

శని, ఆదివారాలు అవే గడపలు మళ్లీ ఎక్కాం. నేను నేల మీద కూర్చుని పట్టీ చుట్టాను, అమ్మాయి రాసింది. ఈసారి అంచుల్లో కూడా రాయమన్నాను.

"మొన్ననే చూస్తివి గదనే. నా చెయ్యి ఏమన్న సన్నగైందా?" అంది ఒక ముసలామె.

"నీ చెయ్యి గాదు పెద్దమ్మా, మా పట్టీ పెద్దగైంది," అంది అమ్మాయి.

సగం మందికి బీపీ తగ్గింది. మిగతావాళ్లకు తగ్గలేదు, వాళ్లది నిజంగానే ఎక్కువ. సోమవారం మేడం పాత కాగితాలూ కొత్త కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. అంచుల్లోని మాటలు కూడా చదివారు. అమ్మాయి పేరు జాబితాలో ఉండిపోయింది.

పెద్ద పట్టీ ఉన్న మిషన్ కోసం, అంతకుముందు శుక్రవారం సాయంత్రమే ముషీరాబాద్‌లో ఒక వెండి దుకాణంలో తాత సున్నం డబ్బీ అమ్మేశాను.