ఊఁ కొట్టినందుకు పోయిన నంబరు

ఆ రోజుల్లో సిడ్నీ పడమటి పేటల్లో ఏ ఇంటి పోస్టుడబ్బా తెరిచినా ఒకటే ఉత్తరం ఉండేది. మీ వీధికి కొత్త లైను వచ్చేసింది, ఫలానా తేదీకి పాత రాగి తీగ ఆపేస్తున్నాం, ఈలోగా ఏదో ఒక కంపెనీ దగ్గర ఇంటర్నెట్టు ప్లాను తీసుకోకపోతే మీ ఇంటి ఫోను మూగబోతుంది, ఆపైన మీ ఇష్టం అని. భూమిలో పరిచిన తీగ ఒక్కటే, పరిచింది సర్కారు. అమ్మేవాళ్ళు మాత్రం కోకొల్లలు. ఒకే కుండలోని పెరుగుని పదిమంది పది పేర్లతో అమ్మినట్టు, అదే తీగని ఒకడు మెరుపన్నాడు, ఇంకొకడు తుఫానన్నాడు, మరొకడు మొదటి నెల ఉచితమన్నాడు. ఆ అమ్మేవాళ్ళందరిలోకీ ఆఖరివాడి దగ్గర నేను ఉద్యోగం చేశాను. మావాడు సర్కారు దగ్గర కొనేవాడు కూడా కాదు, కొన్నవాడి దగ్గర కొని మళ్ళీ అమ్మేవాడు. (ఈ సంగతి నాకు ఉద్యోగం మానేశాక తెలిసింది. అమ్ముతున్నన్నాళ్ళూ ఆ తీగంతా మాదేననుకుని మహా గర్వంగా ఉండేదాన్ని.) అప్పటి నన్ను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, దాని వెనకాలే దిగులొస్తుంది. ఆ దిగులు ఎందుకో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

తెనాలి నుంచి చదువుకోడానికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. హారిస్ పార్కు అనే పేటలో ఒక మిఠాయి కొట్టు మీద ఇంట్లో నలుగురమ్మాయిలం ఉండేవాళ్ళం. బట్టలకి ఎప్పుడూ నెయ్యి వాసనే, యూనివర్సిటీలో నా పక్కన కూర్చున్నవాళ్ళకి ఊరికే ఆకలేసేది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి పారమట్టాలో ఆ కంపెనీ కాల్ సెంటర్. హిందీ డెస్కులో ఆరుగురు, పంజాబీ డెస్కులో నలుగురు, తెలుగు డెస్కు అంటే నేనూ, ఒక కుర్చీ. మా టీమ్ లీడర్‌ని అందరం వెరీగుడ్ అని పిలిచేవాళ్ళం. ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చే మాట అదే. ఒకమ్మాయి తనకి డెంగ్యూ అని చెబితే కూడా వెరీ గుడ్ అన్నాడని చెప్పుకునేవారు. ఆయన బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉండేది. ఎవరు ఒక ప్లాను అమ్మినా లేచి వెళ్ళి ఆ గంట కొట్టాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. చేరి మూడు వారాలైనా ఆ గంట దగ్గరికి వెళ్ళే భాగ్యం నాకు కలగలేదు.

తప్పు నాది కాదు, మనవాళ్ళది. మనవాళ్ళు కాదు అనరు. "చూద్దాంలేమ్మా" అంటారు. "మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడి చెప్తా" అంటారు. ఒక డాక్టరు అంకుల్ అరగంట సేపు మా నాన్న ఏం చేస్తారు, మా తాతగారి ఇల్లు తెనాలిలో ఏ వైపు, నాకు సంబంధాలు చూస్తున్నారా లేదా అన్నీ కనుక్కుని, చివరికి "మాకు ఆల్రెడీ కనెక్షన్ ఉందమ్మా, ఉంటా మరి" అని పెట్టేశాడు. ఇవన్నీ వెరీగుడ్‌కి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. నాలుగో వారం సోమవారం నా దగ్గరికి వచ్చి, ఈ శుక్రవారం లోపల ఒక్క సేలైనా కాకపోతే తెలుగు డెస్కు ఎత్తేస్తామని నవ్వుతూ చెప్పి, నా మొహం చూసి, "వెరీ గుడ్" అని వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం మూడింటికి ఆంటీ తగిలింది. ఆవిడ ఫిజీ ఆంటీ. వాళ్ళ తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళాడట. అక్కడ గొడవలయ్యాక ఆంటీ, భర్తా సిడ్నీ వచ్చేశారు. భర్త పోయాడు, కూతురు పెర్త్‌లో ఉంటుంది, ఆంటీ ఒక్కతే పారమట్టా అవతల చెక్క ఇంట్లో ఉంటోంది. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒకటే. ఫోనెత్తగానే నేను "నమస్కారమండీ, తెలుగులో మాట్లాడొచ్చా?" అన్నాను. "తెలుగే? సెప్పు పాపా, సెప్పు" అంది ఒక ముసలి గొంతు.

చెప్పాను. కంపెనీ ఇంగ్లీషులో ఇచ్చిన నాలుగు పేజీల షరతులని నేనే తెలుగులోకి దించుకున్నాను, పదో తరగతిలో వ్యాసరచనకి బహుమతి వచ్చిన ధీమాతో. "మీ ప్రస్తుత సేవాదారుని నుండి మా సంస్థకు మారుటకు మీరు అంగీకరిస్తున్నారా?" అంటే ఆంటీ "ఊఁ" అంది. వేగం గురించి చెప్పాను, "ఊఁ". ఒప్పందం రెండేళ్ళు అన్నాను, "ఊఁ". మధ్యలో ఆగితే "ఊఁ, ఆ తరవాత?" అంది. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. తెలుగు పిల్లలకెవరికైనా తెలుసు. కథ చెప్పేవాళ్ళకి వింటున్నామని తెలియడానికి కొట్టే ఊఁ అది. నేను కథ చెబుతున్నాను, ఆవిడ వింటోంది, అంతే. కానీ గంట అక్కడ ఉంది, శుక్రవారం ఇక్కడ ఉంది. పాత నంబరు అలాగే ఉంచాలంటే ఇంకో ఫారం, ఇంకో పదిరోజులు, ఆ వారం లెక్కలోకి రాదు. అందుకని వెరీగుడ్ నేర్పినట్టే అడిగాను: "పాత నంబరు పోయినా మీకు అభ్యంతరం లేదు కదండీ?"

"ఊఁ" అంది ఆంటీ.

రికార్డింగు విని సరిచూసే ఆయనకి తెలుగు రాదు. అన్ని ఊఁలనీ అవునులుగా రాసుకున్నాడు. నేను వెళ్ళి గంట కొట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. పంజాబీ డెస్కు వాళ్ళు ఈల కూడా వేశారు.

నెలరోజుల తరవాత ఫిర్యాదుల వైపు నుంచి ఒక కాల్ నాకు పంపారు, ఎవరో ఏ భాషో మాట్లాడుతున్నారు, నీ భాషేనేమో చూడమని. ఆంటీ పక్కింటివాళ్ళ మొబైలు నుంచి చేస్తోంది. నా గొంతు వినగానే, "నువ్వేనా పాపా, ఆయేళ కబుర్లు సెప్పినావు?" అని తెగ సంతోషపడింది. ఆ తరవాత అసలు సంగతి చెప్పింది. ఇంటికి ఏవో డబ్బాలొచ్చాయట, ఫోనులో పాత నంబరు పనిచెయ్యట్లేదట. "మా యక్క ఫోను రావట్లేదు. మూడాదివారాలైపోనాది. నానేటి సెయ్యాల?"

అక్క ఫిజీలోనే సింగటోక దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. చదువు రాదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో కొట్టుకి నడిచి వెళ్ళి, గోడ మీద రంగుతో రాసి ఉన్న చెల్లెలి నంబరు చూపించి కొట్టావిడ చేత ఫోను చేయించుకుంటుంది. ఆ గోడకి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ నంబరు చుట్టూ వదిలేసి వేసేవారట. కొట్టావిడ సిమ్ములు మారుస్తూ ఉండేది, కాబట్టి చెల్లెలు అక్కకి చేద్దామంటే నంబరంటూ ఒకటి ఉండేది కాదు. అక్క చెయ్యాలి, చెల్లెలు ఎత్తాలి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ మధ్య ఉన్నది ఆ ఒక్క నంబరే, దాన్ని నేను గంట కోసం పోగొట్టాను. హెడ్‌సెట్టు తీసి బల్ల మీద పెట్టి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ నంబరు వెనక్కి తేవడానికి నేను చేసిన ప్రయత్నాలు చెబితే నవ్వుతారు, నవ్వండి. మా కంపెనీవాళ్ళు అది పాత కంపెనీ చేతిలో ఉందన్నారు. పాత కంపెనీవాళ్ళు ఆవిడ మా కస్టమరే కాదు, కనుక ఆవిడ గురించి మాట్లాడం అన్నారు. తీగవాళ్ళని అడిగితే మేము కంపెనీలతో తప్ప మనుషులతో మాట్లాడం అన్నారు. నేను కంపెనీనే అని చెప్పాను. ఏ కంపెనీ అన్నారు. చెప్పాను. అలాంటి కంపెనీ మా జాబితాలో లేదన్నారు. చివరికి వెరీగుడ్ దగ్గరికి వెళ్ళి, ఆ ఊఁ అంటే అవును కాదండీ, నేను తెలిసే చేశాను అని చెప్పేశాను. ఆయన మొదటిసారి వెరీ గుడ్ అనలేదు. తలుపు వేసి, ఈ మాట ఇంకెవరితోనూ అనకు అన్నాడు. ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశాను. (మానేశాను అంటున్నాను గానీ, మర్నాడు వెళితే నా కుర్చీలో తమిళ డెస్కు కూర్చుని ఉంది.)

శనివారం కింది కొట్టులో అరకిలో మైసూర్ పాక్ కట్టించుకుని ఆంటీ ఇంటికి వెళ్ళాను, తిట్లు తినడానికి సిద్ధపడి. మొత్తం చెప్పాను. ఆవిడ విని, "నువ్వేటి సేసినావు? ఊఁ కొట్టింది నాను గదా" అంది. "ఎన్నాల్లయిందో పాపా, తెలుగుల అంతసేపు నాతో మాటాడి. ఏటి సెప్తన్నావో బోదపడనేదు గానీ, ఇంటే ఇనాలనిపించింది." అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. సిగ్గుతో మైసూర్ పాక్ నేనే సగం తినేశాను.

ఫిజీవాళ్ళ గుడికి ఇద్దరం వెళ్ళి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, రెండు వారాలకి ఆ కొట్టావిడ అప్పటి మొబైలు నంబరు సంపాదించాం. నా ఫోనులో వీడియో కాల్ చేశాం. తెర మీద అక్క కనిపించింది. చెల్లెలి మొహం చూసి కెవ్వుమని అరిచి ఫోను కింద పడేసింది.

జరిగిందేమిటంటే, ఆ మొదటి ఆదివారం కొట్టావిడ నంబరు నొక్కితే ఇంగ్లీషులో ఒక గొంతు ఈ నంబరు ఇప్పుడు లేదని చెప్పింది. అంతంతమాత్రం ఇంగ్లీషు వచ్చిన కొట్టావిడ ఫోను చెవికి ఉంచుకునే తెలుగులో, "ఇంక లేదంట పెద్దమ్మా" అంది. అంతే. మన భాషలో నంబరుకైనా లేదు అనే అంటాం, ఆడమనిషికైనా లేదు అనే అంటాం. అక్క అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. పదకొండో రోజున ఊరందరినీ పిలిచి చెల్లెలికి దినం కూడా పెట్టేసింది.

"బతికున్నదానికి దినం పెట్టేసినానే! నాకు పాపం సుట్టుకుంటాది!" అని అక్క అక్కడ ఏడుస్తుంటే, ఇక్కడ ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ, "ఏటి వండినావే?" అని అడిగింది.

"పప్పు, గుమ్మడికాయ కూర."

"గుమ్మడికాయా? నాను తిననని తెల్దేటే నీకు?"

"సచ్చినోలకి ఇస్టాలేటే!" అని అక్క కసిరింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ అక్క బాగా చిక్కిపోయిందని ఆంటీ నవ్వు మధ్యలోనే చూసింది. ఆ ఐదారు వారాలు ఆవిడ సరిగ్గా అన్నం తినలేదట. కొట్టు గోడ మీద కొత్త నంబరు రాయించాం. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. నా శనివారాలు ఆంటీ ఇంట్లో గడవడం అలవాటైంది. అక్క మాత్రం కోలుకోలేదు, ప్రతివారం గొంతు ఇంకాస్త సన్నబడిందని ఆంటీ చెప్పేది. నా వల్లే అని నేను అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి ఏడాది చలికాలంలో ఒక ఆదివారం పగలు ఆంటీ ఫోను చేసింది. "పాపా, మల్లీ నంబరు పోయినట్టున్నాది. కొట్టుమనిసి ఫోను సేసి, లేదంటన్నాది. కంపెనీవోల్లు ఏటో తేడా సేసుంటారు. నువ్వొచ్చి కనుక్కో."

హారిస్ పార్కు ప్లాట్‌ఫారం మీద నిలబడి కొట్టావిడకి ఫోను చేశాను. పెద్దమ్మ తెల్లారి లేవలేదు, నిద్రలోనే పోయింది అని ఏ అనుమానానికీ చోటు లేకుండా చెప్పింది. రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి, నేను ఎక్కలేదు. మూడోది ఎక్కాను.

ఆంటీ ఫోను శుభ్రంగా తుడిచి, దాని ముందు నాకోసం కుర్చీ వేసి ఉంచింది. "అడుగు. నీకు ఆ కంపెనీవోల్లు ఎరికే గదా" అంది. నేను అక్కడ మానేసి ఏడాదైందని ఆవిడకి తెలుసు. రిసీవరు ఎత్తి, ఏ నంబరూ నొక్కకుండా చెవికి పెట్టుకున్నాను.

"ఏటంటన్నారు?"

"లైనులో ఉండమన్నారు ఆంటీ. పాట వేశారు."

"మంచి పాటేనా?"

"బానే ఉంది."

నిలబడ్డాను, తల ఊపాను, అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఒకసారి "ఎస్, ఎస్" అని కూడా అన్నాను. ఆంటీ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి లేచి వచ్చి, నా చేతిలోంచి రిసీవరు మెల్లిగా తీసుకుని తన చెవికి పెట్టుకుంది. డయల్ టోను వింది. చాలాసేపు వింది.

"లైను బానే ఉంది పాపా" అని, ఫోను పెట్టేసింది.

ఆ తరవాత ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, టీ పెట్టుకున్నాం, తాగలేదు. ఇన్నేళ్ళయినా ఆ ముందుగదిలో చెవికి రిసీవరు నొక్కుకుని, లేని పాటకి బుద్ధిగా తల ఊపుతున్న ఆ పాతికేళ్ళ పిల్ల నా కళ్ళకి కడుతూనే ఉంటుంది. పిచ్చిమొహానిది, డయల్ టోను అంత పెద్దగా గదంతా వినబడుతుందని కూడా తెలియలేదు దానికి.