చెట్టు తెలియని సాంబ్రాణి

పోయిన ఆదివారం మా కెమిస్ట్రీ మేడం రాజమండ్రిలో పోయారు. తుని స్టేషన్‌లో విశాఖ రైలు కోసం నిలబడి ఉండగా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. ఎక్కాల్సిన రైలు వదిలేసి రాజమండ్రి రైలెక్కాను.

మేడం దేన్నయినా ముందు వాసన చూసేవారు. సీసా మూతికి ముక్కు ఆనించకుండా, చేత్తో గాలిని తనవైపు తోసుకుంటూ. "పేరు తర్వాత చెబుదువుగాని, ముందు నన్ను చూడనీ" అనేవారు.

డిగ్రీ చివరి ఏడాది నాకు సాంబ్రాణి నూనె ప్రాజెక్టు ఇచ్చారు. జంగారెడ్డిగూడెం అవతలి అడవిలో, సాంబ్రాణినిచ్చే అందుగు చెట్టు నుంచి తానే గీరి తెచ్చిన బంక పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. భద్రంగా ఉంటుందని దాన్ని మా ఇంట్లో దేవుడి గూట్లో పెట్టడం నా తెలివి. శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా పొగ.

"సాంబ్రాణేగా! శుక్రవారం కదా అని వేసేశానే" అంది అమ్మ.

మేడంతో చెప్పే ధైర్యం లేకపోయింది. పిఠాపురంలో గుడి దగ్గర కొట్లో సాంబ్రాణి కొని, దాని నూనె తీసి, సీసా మీద 'అందుగు చెట్టు' అని రాసేశాను. మేడం సెలవులో ఉండగానే కొంత పరీక్షకు పంపేశాను.

రిపోర్టు వచ్చింది. మన అందుగు నూనెలో ఎక్కువగా ఉండాల్సిన ఆల్ఫా థుజీన్ నామమాత్రంగా ఉంది. ఉన్నదంతా ఆక్టైల్ అసిటేట్ అనే వేరే పదార్థం. మేడం కాగితం పక్కన పెట్టి సీసా మూత తీశారు.

"నారింజ తొక్క వాసనొస్తోందేంటమ్మా? ఇది ఆఫ్రికా చెట్టుదిలా ఉందే. నేనిచ్చింది ఏమైంది?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ప్రాజెక్టు పోయినట్టే, డిగ్రీ పోయినట్టే అనుకున్నాను. అమ్మ పూజ సంగతి విని మేడం హాయిగా నవ్వారు. నా లేబుల్ చూసి మాత్రం నవ్వలేదు.

"నూనె నిజమే చెప్పిందమ్మా. అబద్ధం రాసింది నువ్వు. జరిగింది జరిగినట్టు రాయి. మార్కులు ఎన్నొస్తే అన్నే."

రాశాను. మొదటి నమూనా శుక్రవారం పూజలో కాలిపోయిందని, రెండోది కొట్లో కొన్నానని. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చదివి పగలబడి నవ్వాడు. మార్కులు తక్కువే వచ్చాయి. ఇప్పుడు నా ఉద్యోగం ఒక ల్యాబ్‌లో, రోజూ రిపోర్టుల మీద సంతకాలు పెట్టడం. సంతకం పెట్టి ఇంటికొచ్చి నిశ్చింతగా నిద్రపోతున్నానంటే అది మేడం పుణ్యమే. ఆ మాట ఆవిడతో ఒక్కసారైనా అనలేదు. అని ఉండాల్సింది.

ఆదివారం వాళ్లింట్లో మేడం చెల్లెలుగారు అల్మారాలోంచి ఒక చిన్న సీసా తీసి నాకిచ్చారు.

"ఇది మీదేనటగా అండి. ఎవర్నీ పారెయ్యనిచ్చేది కాదు అక్క."

'అందుగు చెట్టు' అన్న నా అక్షరాల మీద అడ్డంగా గీత. దాని కింద ఆ రోజు మేడం నాచేత రాయించిన మాటలు: 'కొట్లో కొన్నది. చెట్టు తెలియదు.'

మూత తీసి, చేత్తో గాలిని నావైపు తోసుకున్నాను. నారింజ తొక్క వాసన ఇంకా కొంచెం ఉంది.