స్టాండు లేని సైకిలు మీద సలాలా

కోనసీమ చరిత్ర రాసేవాళ్లు మామూలుగా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెడతారు. ఓపికున్నవాళ్లు గోదావరి పాయలుగా చీలిన పురాణకాలం దాకా వెళతారు. యాళ్ల వీరవెంకటరమణ గారు తన సైకిలుకి స్టాండు అక్కర్లేదని నిర్ణయించుకున్న సందర్భాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ గ్రంథస్థం చేయలేదు. ఆ లోటు ఇక్కడ తీరుతుంది.

అది తొంభై ఆరు తుఫాను సంవత్సరం. అప్పనపల్లి దగ్గర రమణగారి పెరట్లో ఉన్న కొబ్బరిచెట్టు ఒకటి సైకిలు మీద పడింది. సైకిలు బతికింది, స్టాండు పోయింది. ఊరు ఊరంతా తిరిగి లేచి నిలబడే ప్రయత్నంలో ఉన్నప్పుడు సైకిలు ఎలా నిలబడుతుందని అడిగేవాళ్లెవరు? అన్నీ కాస్త కుదుటపడ్డాక సైకిలు షాపు రామ్మూర్తి అడిగాడు.

"స్టాండు వేసెయ్యమంటారాండీ?"

రమణగారు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "విరగ్గొట్టింది కొబ్బరిచెట్టు. ఇకమీదట స్టాండు పని కొబ్బరిచెట్టే చూసుకోవాలి."

ఆ తీర్పు దాదాపు ముప్ఫై ఏళ్లు అప్పీలు లేకుండా అమలైంది. అమలుకి ఇబ్బంది కూడా లేదు. రమణగారి వృత్తి తోటల్లో తిరిగి, చెట్టుమీద కాయ చూసి, రైతుకీ అంబాజీపేట వ్యాపారికీ బేరం కుదర్చడం. పొద్దున్నే నల్ల సైకిలెక్కుతారు. ఎక్కడ దిగినా చెయ్యి చాస్తే కొబ్బరిచెట్టు ఉంటుంది. కళ్లతో చూడక్కర్లేదు. దిగడం, పక్కకి వదిలెయ్యడం. సైకిలు దానంతటదే చెట్టుకి ఆనుకుంటుంది.

సైకిలుని నేలమీద పడుకోబెట్టడం ఆయన దృష్టిలో నేరం. ఆ ప్రాంతంలో రోడ్డు పక్కన సైకిలు పడి ఉందంటే, దాని యజమాని కూడా దగ్గర్లోనే ఎక్కడో పడి ఉన్నాడని లెక్క. రమణగారు జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఆయన సైకిలు కూడా అంతే మర్యాదగా బతికింది.

ఈ మర్యాదకి పరీక్ష మస్కట్ నుంచి ఫోను రూపంలో వచ్చింది.

ఫోను చేసింది సత్యం. ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితుడు. ఏసీలు బాగుచేసే పని మీద మస్కట్ వెళ్లి, అక్కడే జుట్టు తెల్లబరచుకున్నాడు. కుర్రతనంలో ఇద్దరూ సైకిళ్ల మీద అన్నవరం వెళ్లొచ్చిన ఊపులో, ఎప్పటికైనా ఒక దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కాలని ఒట్టు పెట్టుకున్నారు. ఏ దేశం అన్నది అప్పట్లో తేల్చుకోలేదు.

"ఒరే రమణా! నా ఉద్యోగం అయిపోయిందిరా. ఇంటికొచ్చేస్తున్నాను. ఇన్నేళ్లున్నాను గానీ ఈ దేశంలో నేను చూసిందల్లా మేడల మీద ఏసీ డబ్బాలే. వెళ్లేలోగా ఒక్కసారి చూడాలి. నువ్వొచ్చెయ్. మస్కట్ నుంచి ఈ దేశం ఆ చివరనున్న సలాలా దాకా, వెయ్యి కిలోమీటర్లు, తొక్కేద్దాం."

"మధ్యలో ఏముంటుందిరా?"

"ఏమీ ఉండదు. ఎడారి."

"ఏమీ లేనప్పుడు వెయ్యి కిలోమీటర్లు ఎందుకు పెట్టేరు?"

 అడగడం అలా అడిగారు గానీ, రమణగారు పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టారు.

ఇంట్లో ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు విషయం విని గరిటె కింద పెట్టారు. "రోజూ మీ మోకాళ్లకి నూనె రాసేది నేనూ, ఆ మోకాళ్లేసుకుని ఎడారికెళ్లేది మీరూనా? బావుందండీ వరస!"

ఆవిడ తమ్ముడు శివప్రసాద్‌కి కొబ్బరికాయలు తోలే వ్యాన్లున్నాయి. లోకంలో ప్రతి సమస్యకీ వ్యానే పరిష్కారమని అతని నమ్మకం. టీ కొట్టు దగ్గర పదిమందీ ఉండగా అందుకున్నాడు.

"బావగారూ, నా మాట వినండి. సగం దారిలో ఆ సైకిలు ఏదో వ్యానెక్కేస్తుందండి. దాని పక్కనే మీరూ ఎక్కేస్తారు. ఆ ఫోటో మాత్రం నాకు పంపండి, వ్యాను వెనకాల అంటించుకుంటాను."

కొట్టు కొట్టంతా నవ్వింది. టీ పోసేవాడు పొయ్యి వదిలేసి మరీ నవ్వాడు. రమణగారు గ్లాసు బల్ల మీద పెట్టి, అసెంబ్లీలో ప్రమాణం చేసే మనిషిలా నిలబడ్డారు.

"మస్కట్‌లో ఎక్కిన సైకిలు సలాలాలో దిగుతాను. మధ్యలో ఏ బండైనా ఎక్కితే, ఈ ఊళ్లో మళ్లీ సైకిలెక్కను."

నవ్వులు ఆగిపోయాయి. సైకిలెక్కని రమణగారు తోటల్లోకి ఎలా వెళతారు? మాట ఇచ్చాక ఆయనకీ అదే అనుమానం వచ్చింది. కానీ అప్పటికే ఇచ్చేశారు.

చలికాలం చూసుకుని బయల్దేరారు. నల్ల సైకిలు అట్టపెట్టెలో విమానమెక్కింది. మస్కట్‌లో దాన్ని చూసి సత్యం నోరు తెరిచాడు. తను గేర్లున్న కొత్త సైకిలు కొన్నాడు. దానికి నాజూకైన చిన్న స్టాండు కూడా ఉంది.

"స్టాండేదిరా?"

"అవసరం లేదు," అన్నారు రమణగారు, తరతరాల కోనసీమ అనుభవంతో.

మొదట్లో కొండలొచ్చాయి. కోనసీమ మనిషికి ఎత్తు అంటే వంతెన ఒక్కటే. రమణగారు ప్రతి ఎత్తునీ బోడసకుర్రు వంతెనతో కొలిచారు. "ఇది మూడు బోడసకుర్రులుంటుందిరా... ఇది ఆరు పైమాటే." కాళ్లు పీకినా, ఊపిరి అందకపోయినా ఆ కొండలు దాటారు. తర్వాత భూమి చాప పరిచినట్టు చదునైపోయింది. చదునంటే రమణగారికి పుట్టిల్లు. ఉత్సాహంగా తొక్కి తొక్కి, మంచినీళ్లకని ఆగి, అలవాటుగా దిగి, అలవాటుగా సైకిలుని పక్కనున్న చెట్టుకి వదిలేశారు.

చెట్టు లేదు.

దబ్బుమని చప్పుడైంది. రమణగారు వెనక్కి తిరిగి, ఇసకలో పడుకున్న తన సైకిలుని మొదటిసారి చూశారు. చుట్టూ చూశారు. ఆకాశం అంచుదాకా నిలబడి ఉన్న వస్తువు సత్యం ఒక్కడే.

"ఒక్క నిమిషం పట్టుకోరా."

ఆ ఒక్క నిమిషం సలాలా దాకా సాగింది. ముందు సత్యం సైకిలుకి ఆనించి చూశారు. నల్ల సైకిలు బరువుకి ఆ నాజూకు స్టాండు చెంచాలా వంగిపోయింది. దాంతో స్టాండు లేని సైకిళ్లు రెండయ్యాయి. అప్పటినుంచి ఒకడు నీళ్లు తాగితే రెండోవాడు రెండు సైకిళ్లూ పట్టుకోవాలి. ఒకడు భోజనానికి కూర్చుంటే రెండోవాడు నిలబడాలి. ఒంటెల మంద ఒకటి దారి పక్కన ఆగి, ఈ ఏర్పాటుని చాలాసేపు శ్రద్ధగా పరిశీలించింది.

"పడుకోబెట్టెయ్యరా దాన్ని!" అని మొత్తుకున్నాడు సత్యం. "ఇక్కడ ఎవడు చూడొచ్చేడు? తాగేసేడనుకోడానికి మనిషన్నవాడు లేడు!"

"ఒంటెలు చూస్తున్నాయి కదరా."

సత్యం తిట్టాడు. తిడుతూనే పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఫోన్లలో అయిపోయిన స్నేహం ఇప్పుడు హ్యాండిల్ మీద నాలుగు చేతులతో తిరిగి మొదలైందని అతనికీ తెలుసు. అది పైకి చెప్పే మనిషి కాదు. "చేతులు పడిపోతున్నాయిరా దరిద్రుడా" అనేవాడు.

సగం దారి దాటాక, పెట్రోలు బంకు పక్కన మలయాళీ టీ కొట్టు కనబడింది. దాని ముందు పెద్ద లారీ ఆగి ఉంది. రమణగారికి ప్రాణం లేచొచ్చింది. చెట్టు కాకపోతేనేం, నిలబడి ఉంది. సైకిలుని లారీకి ఆనించి, ఎన్నాళ్లకో ఇద్దరూ ఒకేసారి కూర్చుని టీ తాగారు. రెండో గుక్క దగ్గర లారీ కదిలింది.

కొబ్బరిచెట్టు ఎప్పుడూ అలా చేయలేదు.

లారీ డ్రైవరు చప్పుడు విని ఆపి, దిగి, క్షమించమని చేతులు పట్టుకున్నాడు. సైకిలు వెనక చక్రం అప్పడంలా వంకర పోయింది. టీ కొట్టులో ఉన్న ఒమానీ పెద్దాయన ఒకాయన తన పికప్ చూపించి, వచ్చీరాని హిందీలో ఎక్కమన్నాడు. సలాలా దాకా దింపుతానన్నాడు. డబ్బు మాటెత్తితే కోప్పడేలా ఉన్నాడు.

సత్యం రమణగారిని పక్కకి తీసుకెళ్లాడు. "ఎక్కెయ్యరా. నేనెవరికీ చెప్పను, అమ్మతోడు."

"నువ్వు చెప్పవు. నేనే చెప్పేస్తాను. నా నోట్లో మాట ఆగదని నీకు తెలీదా?"

అది నిజం. సత్యం ఒప్పుకున్నాడు.

రమణగారు సైకిలుని తలకిందులు చేసి, సీటూ హ్యాండిలూ నేలకి ఆనించి నిలబెట్టారు. ఇది పడుకోబెట్టడం కాదనీ, మరమ్మతుకి మాత్రమే చెల్లే శీర్షాసనమనీ సత్యానికి వివరించారు. ముప్ఫై ఏళ్లుగా రామ్మూర్తి షాపులో కబుర్లకి కూర్చున్న మనిషి. చూసిందే తప్ప చెయ్యి పెట్టింది లేదు. ఒక పుల్ల బిగిస్తే చక్రం అటు పోయింది, ఇంకోటి వదులు చేస్తే ఇటు వచ్చింది. రెండు పుల్లలు విరిగాయి. ఎండ నడినెత్తికి వచ్చి, దిగి, నీడలు పొడుగయ్యాయి. కడకి చక్రం ఊడదీసి, రిమ్ము మీద కాలుపెట్టి ఒక్క తొక్కు తొక్కి, మళ్లీ బిగించారు. చక్రం తిరిగింది. గుండ్రంగా తిరిగిందని అనలేం. ప్రతి చుట్టుకీ ఒకసారి బ్రేకుకి తగిలి 'కిర్రు'మంది.

ఆ కిర్రుమీదనే మిగతా దేశాన్ని తొక్కారు. ఒమానీ పెద్దాయన నమ్మకం కుదరక, చాలా దూరం పికప్‌లో వెనకే నెమ్మదిగా వచ్చి, ఖర్జూరాలూ నీళ్లూ ఇచ్చి, ఇద్దరికీ దణ్ణం పెట్టినంత పని చేసి వెనక్కి తిరిగాడు. గాలి ఎదురు కొట్టింది. ఇసక పళ్లలో కరకరలాడింది. రమణగారి మోకాళ్లు రాజ్యలక్ష్మిగారిని పేరు పెట్టి పిలిచాయి. అయినా ఆయన బండెక్కలేదు.

ఒక ఉదయం కొండల అంచుకి చేరారు. ఆ చక్రంతో దిగుడులో తొక్కడం క్షేమం కాదని, బ్రేకులు పట్టుకుని నడుచుకుంటూ దిగసాగారు. ఓ మలుపు దగ్గర రమణగారు ఆగిపోయారు. కింద, సముద్రం పక్కన, ఆకుపచ్చటి గీత ఒకటి కనబడుతోంది. ముప్ఫై ఏళ్లు తలెత్తి చెట్లు చూసిన కళ్లు. పొరబడవు.

"సత్యం! కొబ్బరిచెట్లురా!"

"ఒరే నీ దుంపతెగ! వెయ్యి కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చింది కొబ్బరిచెట్లు చూడ్డానికా?"

సలాలాలో రోడ్డు పక్కన బొండాలమ్మే కొట్లు వరసగా ఉన్నాయి. అరటిగెలలు వేలాడుతున్నాయి. రమణగారు సైకిలు దిగారు. ఈసారి కూడా వెనక్కి చూడలేదు. పక్కకి వదిలేశారు. చెట్టు పట్టుకుంది.

సత్యం తనదీ పక్క చెట్టుకి ఆనించి, ఖాళీగా ఉన్న తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు.  తర్వాత, "ఈ దేశంలో ఉన్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చురా" అన్నాడు.

రమణగారు బొండం నీళ్లు తాగి, తలెత్తి చెట్టుని చూశారు. "కాయల దింపు ఆలస్యం చేసేరు. కాయ ముదిరిపోతోంది" అన్నారు. గర్వాన్ని అంతకన్నా సూటిగా చెప్పుకోవడం ఆయనకి చేతకాదు. ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపుకి వెళ్లింది. కొబ్బరిచెట్టుకి ఆనించిన సైకిలుని చూసి మొదట ఎవరూ నమ్మలేదు. "బావగారు అప్పనపల్లి దాటలేదండి" అని శివప్రసాద్ పెట్టాడు. వెనకాల అరబ్బీ బోర్డులున్న రెండో ఫోటో వచ్చాక అతనే అందరికన్నా ముందు దణ్ణాల బొమ్మలు పెట్టాడు.

స్వాగతసభ ఏర్పాటు చేసిందీ అతనే. ఫ్లెక్సీ మీద 'ఎడారి వీరుడు' అని రాయించి, తన ఫోటో కూడా సమాన సైజులో వేయించుకున్నాడు. సైకిలుకి దండేసి వేదిక ఎక్కించారు. అప్పుడు తెలిసింది, వేదిక మీద కొబ్బరిచెట్టు లేదని.

ఎడారి కబుర్లు అప్పటికే వినేసిన జనమంతా, రమణగారితో పాటే ఇంటికొచ్చేసిన సత్యం వైపు చూశారు. సత్యం కుర్చీలోంచి లేవలేదు.

"ఎడారిలో పట్టుకున్నానంటే స్నేహమండి. ఇక్కడ కూడా పట్టుకుంటే పిచ్చండి, ఆయ్."

దాంతో ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా శివప్రసాదే పట్టుకుని నిలబడ్డాడు. వక్తలు చాలామంది ఉన్నారు. ఒక్కరూ క్లుప్తంగా మాట్లాడలేదు. రమణగారు ప్రతి ఉపన్యాసాన్నీ ఎంతో ఆసక్తిగా విన్నారు. మధ్యమధ్యలో బావమరిది వైపు చూసి తలాడించారు.

సభ అయ్యాక సత్యం దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఇకమీదట నాతో సైకిలెక్కాలంటే ఒకటే షరతురా."

మర్నాడు రమణగారు రామ్మూర్తి షాపుకెళ్లి స్టాండు వేయించుకున్నారు. పది నిమిషాలు పట్టింది.