తెల్ల గుర్రం లేని ఫైనల్

మా నాన్న చిన్నతనాన ఇంగ్లండులో జరిగిన ఓ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ గురించి మా ఇంగ్లీషు మేష్టారు క్లాసులో తెగ చెప్పేవారు. కొత్త స్టేడియం పట్టనంత జనం గోడలెక్కి దూకి, ఆడే చోటంతా నిండిపోయారట. ఒక పోలీసాయన తెల్ల గుర్రమెక్కి వాళ్లను మెల్లగా గీత దాకా నెట్టాడట. గీతను ఆనుకుని జనం నిలబడి ఉండగానే ఆట ఆడేశారట. అంత జనంలో ఆటగాళ్లు తప్పిపోలేదా అని అడిగితే మేష్టారు మళ్లీ గుర్రం కథే ఎత్తుకున్నారు. నా తికమక అలాగే ఉండిపోయింది.

అరవైల చివర విజయనగరంలో మా కాలేజీకీ, సముద్రపు ఒడ్డు పల్లె జట్టుకీ ఫైనల్ పడింది. నా బెంగ కప్పు గురించి కాదు, మా నాన్న గురించి. ఎచ్చెర్ల పక్క మా ఊరి నుంచి పొలం పని వదిలి పొద్దున్న బస్సుకి వచ్చాడు.

"ఒక్కపాలి సూస్తాను. పనికిమాలిన ఆటయితే ఇంక ఆడొద్దు" అన్నాడు.

విరామంలో జనం మైదానంలోకి దిగిపోయారు. మేష్టారు హుషారుగా ఓ జట్కా గుర్రాన్ని రప్పించారు. అది బెదిరి, గోలు వెనక గడ్డి దగ్గర నిలబడిపోయింది. చివరికి పల్లెవాళ్లే తమ లారీలోంచి వల లాగే తాడు తెచ్చారు. గుంపును చుట్టి, రెండు కొసలా పట్టుకుని, వల లాగినట్టే అందరినీ గీత బయటికి లాగేశారు. వాళ్లతో పాటు నన్నూ లాగేశారు. మా జట్టు యూనిఫారం తెల్ల బనియను. మైదానంలో సగం మంది ఒంటి మీదా అదే.

ఈల మోగి ఆట మొదలైపోయింది. నేను ఆటగాణ్ణని మొత్తుకుంటే తాడు పట్టుకున్న పెద్దాయన, "అందరూ అదే సెప్తన్నారు. ఎనక్కుండు" అన్నాడు. మా కెప్టెన్ నా కోసం వెతకనైనా లేదు. ఏం చెయ్యాలో తోచక ఏడుపొచ్చింది. పక్కకి తిరిగితే మా నాన్న.

"ఒరే, నువ్వు ఆడతన్నావా, సూస్తన్నావా?"

"ఆడతన్నాను నాన్నా."

"మరిక్కడేటి పని?" అని, వంగి తాడు పైకెత్తాడు. "ఈడు మా గుంటడు. ఆడాల. ఒగ్గెయ్యండి."

వీపు మీద చెయ్యేసి లోపలికి తోశాడు. విరామం తర్వాత జట్లు వైపులు మారతాయన్న సంగతే మరిచిపోయి, బంతి దొరకబుచ్చుకుని మా గోలు వైపే పరుగెత్తాను. ఎవరెవరో అరుస్తున్నారు, ఒక్కటీ అర్థం కాలేదు. తిరిగి చూస్తే మా నాన్న తాడు దాటి లోపలికొచ్చేసి, రెండు చేతులూ ఊపుతున్నాడు.

"అటు కాదురా. ఇటు, ఇటు కొట్టు."