నేరేడుపండు ఏ చేతినుంచి పడుతుంది

నా చిన్నప్పుడు నాకు పరుగు బాగా వచ్చు. ఎటు పరుగెత్తాలన్నదే వచ్చేది కాదు. ఖోఖోలో అది చిన్న లోపం కాదని మా డ్రిల్లు టీచరుగారి అభిప్రాయం. వెంటాడే పిల్ల మీదికొచ్చేటప్పుడు కుడికో ఎడమకో తప్పుకోవాలి. నేను మాత్రం ఎడమకే అని పొద్దున చద్దన్నం తింటూనే తీర్మానించుకుని బడికి వెళ్ళేదాన్ని. ఆ సంగతి అందరికీ రెండో రోజుకే తెలిసిపోయింది. సరే, ఒక పక్కే కాదు, రెండు పక్కలూ అనుకుని వెళ్తే, పాతిన గుంజలా నిలబడిపోయాను. ఆగస్టు పదిహేను పోటీలకి జట్టు కడుతున్న రోజులవి. శనివారం దాకా చూసి, మారకపోతే నా బదులు ఇంకో పిల్లని తీసుకుంటానన్నారు టీచరుగారు. ఇంకో పిల్ల అంటే మా పక్కింటి పిల్ల. ఆ అవమానం ఊరు దాటక్కర్లేదు, గోడ దాటితే చాలు.

డెబ్భైల నాటి మాట. మా తాతయ్య అప్పట్లో హార్బరులో వించి, అంటే బరువులెత్తే యంత్రం, నడిపేవారు. ఓడలోంచి సరుకు పైకెత్తాలో కిందికి దించాలో, ఎదురుగా నిలబడి సైగ చేసే మనిషి చెయ్యి చూసి చెయ్యడమే ఆయన పని. నా గోడు అంతా విని, సలహా ఏమీ ఇవ్వకుండా బజారుకెళ్ళి నేరేడుపళ్ళు తెచ్చారు.

అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ బారచాపి, చేతికో పండు పట్టుకుని నన్ను ఎదురుగా నిలబెట్టారు. ఏదో ఒక చేతినుంచి పండు జారుస్తారు. నేల తాకేలోగా పట్టుకుంటే నాది, పడితే ఆయనది.

కుడిచేతినుంచే పడుతుందని నిశ్చయించుకుని అక్కడ చెయ్యి పెట్టాను. ఎడమనుంచి పడింది. ఆయన దాన్ని ఉఫ్‌మని ఊది నోట్లో వేసుకున్నారు. రెండోదీ అంతే. పదో పండుకి ఆయన నాలుక ఊదారంగుకి తిరిగింది. నాది మామూలుగానే ఉంది.

"ఏటే అమ్మీ, ఎటు పడతాదో నాకే తెల్దు. నీకెలాగ తెలిసిపోతంది?"

"మరేటి సెయ్యమంతావు తాతయ్యా?"

"రెండేపులకీ ఎల్లడానికి సెయ్యిని తయారుగా ఉంచు. ఎటన్నది పండే సెప్తాది. వించి మీద నాను సేసేదీ అదే కదేటి! ఎత్తడానికీ తయారు, దించడానికీ తయారు. సైగ సూసి ఒకదాన్ని ఒదిలీడమే."

"రెండూ అనుకుంటే నిలబడిపోతన్నాను కదా!"

"అనుకోమన్లేదే. తయారుగుండమన్నాను. అది ఏరు, ఇది ఏరు."

మొదట్లో నా చెయ్యి రెండింటికీ నడుమ బయల్దేరి సగందారిలో పక్కకి వంగేది. పోనుపోను ఆ వంకరా పోయింది. ఆయన వేలు కదలగానే చెయ్యి వెళ్ళిపోయేది. నేను పంపినట్టు గుర్తుండేది కాదు. శుక్రవారం సాయంత్రానికి నా నాలుకా రంగు తేలింది.

శనివారం నన్ను వెంటాడింది పక్కింటి పిల్లే. మోకాళ్ళు కాస్త వంచి, మడమలు తేలిగ్గా ఎత్తి నిలబడ్డాను. ఆమె భుజం ఒక పక్కకి ఒరిగింది. నేను రెండో పక్కన ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో నాకూ తెలీదు.

"నానిటు వత్తానని నీకెలాగ తెలిసిందే?" అంది రొప్పుతూ.

"తెల్దు" అన్నాను. అంత నిజం నేను ఆ బళ్ళో ఎక్కువసార్లు చెప్పలేదు.

జట్టులో నా చోటు నాకు ఉండిపోయింది. ఆగస్టు పదిహేనున మేము ఓడిపోయాం, కానీ నావల్ల కాదు. మా తాతయ్య ఆ రెండో సంగతి మాత్రమే వీధంతా చెప్పుకొచ్చారు.

చాలా ఏళ్ళకి ఒక పుస్తకంలో చదివాను. చెయ్యి కదలకముందే మెదడు రెండు కదలికలకీ ఏర్పాట్లు చేసి పెట్టుకుంటుందట. కబురు అందాక ఒకదాన్ని పంపి రెండోదాన్ని ఆపుతుందట. బొమ్మలు బాగానే ఉన్నాయి గాని, నేరేడుపళ్ళు లేవు.

మొన్న సీతమ్మధారలో నేరేడుపళ్ళు కొంటుంటే తక్కెడలోంచి ఒకటి జారింది. అమ్మే ఆమె "అయ్యో" అనేలోపే నా అరచేతిలో ఉంది. "సెయ్యి బలే సురుకు మామ్మా నీకు!" అని ఆమె మెచ్చుకుంటుండగా రెండోది జారి నేల మీద పడింది. పారేయబోతే వద్దన్నాను. పట్టుకున్నది నాది, తినేశాను. పడ్డది మా తాతయ్యది. ఉఫ్‌మని ఊది, ఆయన తరఫున అదీ నేనే తిన్నాను.