తుండుగుడ్డ కింద మాత్రల బేరం

మా నాయన చిత్తూరు మామిడి మండీలో దళారి. ఆయన చూపు పడితే పిందె కూడా భయపడి పండేదని బడిలో చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెబుతున్నాను. తొంభైల చివర్లో అంతటి మనిషి కాయల లారీ మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనయ్యాక నొప్పికి నల్లమందు జాతి మాత్రలు రాశారు. చీటీ పాతబడి చిరిగిపోయినా మందుల షాపులో ఇస్తూనే పోయారు. రెండేళ్లలో నొప్పి సగమైంది, మాత్రలు రెట్టింపయ్యాయి. మాత్ర ఆలస్యమైతే చెమటలు, వణుకు, ఆవలింతలు. ఒక్కో ఆవలింతలో తోతాపురి కాయ అడ్డంగా పట్టేది.

ఒకనాడు మండీలో బేరం మధ్యలోనే కునుకు తీశాడు. మర్నాడే అమ్మ ఆయన్ని తిరుపతిలో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. వెనకాల నేను.

"మీ ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది పెద్దాయనా. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. రేపట్నుంచి సగం చేద్దాం," అన్నాడు డాక్టరు.

"సగమా! నన్ను సంపేదానికా సామీ?" అంటూనే నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి డాక్టరు చేతిమీద కప్పేశాడు.

మండీలో బేరం నోటితో జరగదు. గుడ్డ కింద వేళ్లు పట్టి ఒత్తితే అదే ధర, పక్కవాడికి తెలియదు.

"సిగ్గుండాదా నీకు? ఆయప్ప డాక్టరు, మామిడికాయల యాపారి కాదు!" అని అమ్మ తల కొట్టుకుంది.

డాక్టరు నవ్వాడు గానీ చెయ్యి తియ్యలేదు. ఆ గుడ్డ కింద కురుక్షేత్రమే జరిగింది. చివరికి పదిహేను రోజులకో మాత్ర తగ్గేట్టు కుదిరింది.

మొదటి తగ్గింపుకే నాయన వణుకుకి మా మంచం వీధి దాకా నడిచింది. మందుల షాపాయన జాలిపడి, "ఒకటి ఏసుకోన్నా, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు.

నాయన పళ్లు కొరికి అన్నాడు: "గుడ్డ కింద మాటిచ్చినానప్పా. తప్పితే మండీలో నా సెయ్యి ఎవుడు పట్టుకుంటాడు?"

మాత్రలన్నీ మానిన వారం మండీకి నడిచే వెళ్లాడు. నడుము నొప్పి పోలేదు. అడుగడుక్కీ మొహం చిట్లించాడు, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. వెనకే నేను, ఎదురైన ప్రతివాడినీ ఆపి ఆయన మా నాయన అని చెప్పాను. ఆ సంగతి తెలియనివాడు ఆ బజారులో ఒక్కడూ లేడు.