ఇల్డా అత్త ఎర్ర చుక్క

ఫాల్ రివర్ ఊళ్లో బట్టల మిల్లులు మూతపడ్డాక ఆ రాతి కట్టడాల్లోకి చిన్నాచితకా కంపెనీలు దూరాయి. మాదీ అలాంటిదే. వోల్టేజీని బట్టి శబ్దాన్ని పెంచి తగ్గించే చిప్పుల్ని సర్క్యూట్ పలకల మీద బిగించి, పాటల స్టూడియోల మిక్సర్లకు అమ్మేవాళ్లం. ఆ చిప్పులో శబ్దపు అలకు పైసగం ఒక దారినా కిందిసగం మరో దారినా పోతుంది. రెండు దారులూ సమానంగా లేకపోతే వినిపించే గొంతులో జీర పుడుతుంది. పలక మీది చిన్న మరను తిప్పి ఆ జీరను తగ్గించడం ఇల్డా ఫుర్టాడో పని. నేను పక్క బల్ల దగ్గర టంకం పెట్టేవాణ్ణి. మేం వలస వచ్చిన దీవుల మనిషే కాబట్టి అత్తా అనేవాణ్ణి.

కుట్టుమిషన్ల దగ్గర నడుం పోగొట్టుకున్నాక ఆవిడకు దొరికిన కూర్చునే పని ఇదొక్కటే. ఇది పోతే చేపలు కోసే షెడ్డులో రోజంతా నిలబడాలి.

మరను తిప్పుతుంటే జీరను కొలిచే మీటరు ముల్లు దిగుతుంది. వెంట్రుకవాసి దాటితే మళ్లీ లేస్తుంది. బాగా దిగిన చోట ఆపి, మర కదలకుండా గోళ్ల రంగు చుక్క పెడతారు. ఎవరి రంగు వాళ్లది. ఇల్డా అత్తది ఎరుపు.

ఎవరికీ లొంగని చిప్పులు ఆవిడ బల్లకే చేరేవి. ఫోర్‌మన్ ప్రూయిట్ స్వయంగా ట్రే తెచ్చేవాడు.

"మొండివి, ఇల్డా. నువ్వు చెబితే వింటాయి."

"మా ఆయన ఎన్నడూ వినలేదు. ఇవన్నా విననీ."

ఆ చలికాలం వచ్చిన సరుకంతా మొండిదే. గులాబి చుక్క పెట్టే గ్లోరియా "పారేద్దాం" అంది. ప్రూయిట్ ఒప్పుకోలేదు. ఇల్డా అత్త ఓపిగ్గా ఒక్కోదాన్నీ మీటరు మీది గీత కిందికి దించింది.

వేసవి రాకముందే పెట్టెలు తిరిగొచ్చాయి. మిక్సరు వేడెక్కగానే జీర వస్తోందట. యజమాని హాలెట్ పెట్టెలు బల్ల మీద బోర్లించాడు. అన్నీ ఎర్ర చుక్కలే.

"ఇవన్నీ నీవేనా?"

"నా రంగే, సార్."

"మొండివి ఏరి ఆవిడకిచ్చింది ప్రూయిట్ గారు," అన్నాను.

ప్రూయిట్ కిటికీలోంచి నదిని చూస్తున్నాడు. హాలెట్ నా వైపు తిరగలేదు. "పనికిరానివైతే ఆవిడే చెప్పాలిగా?"

"ముల్లు దిగింది సార్. దిగాక ఏం చెప్పను?"

ఒక పలకను వేడిపెట్టెలో పెట్టి, అక్కడే సరిచేయమన్నారు. చేసింది. ముల్లు దిగింది. బయటకు తీసి చల్లారనిస్తే లేచింది. చల్లగా ఉండగా దించితే వేడిలో లేచింది. లోపం చిప్పు పుట్టుకలోనే ఉంది. మిగతావాళ్ల దగ్గరే ఆగితే చెత్తబుట్టలో పడేవే. ఈవిడ చేతికి లొంగాయి కాబట్టి ఊళ్లు తిరిగాయి.

భోజనం గంట మోగినా ఆవిడ మర తిప్పే స్క్రూడ్రైవర్ వదల్లేదు. తలెత్తకుండా నాతో నెమ్మదిగా అంది: "ఇంకొకటి ఇవ్వమనరా. అది వింటుందేమో."

ఎవరూ ఇవ్వలేదు. ఇకపై ఫ్యాక్టరీలోనే లేజరుతో సరిచేసిన చిప్పులు కొంటామనీ, ఈ బల్ల అక్కర్లేదనీ హాలెట్ చెప్పాడు.

మెట్ల మీద ఆవిణ్ణి ఆపాను. "వెళ్లి చెప్పు అత్తా. నీ తప్పేం లేదని గట్టిగా చెప్పు."

"ఏమని చెప్పను? బాగా చేశాననా?"

కింద బస్సు హారన్ మోగింది. కోటు గుండీలు పెట్టుకుంటూ ఆవిడ దిగిపోయింది.